అందరి దగ్గర ఉంటదనుకున్న పుస్తకమే ముందుగాల మాయమైతది

పోయిన ఎండాకాలం ఒక పాత పత్రిక కోసం నెల రోజులు తిరిగిన. పేరున్న పత్రిక కాదు. 1980లల్ల మా దిక్కు నుంచి వచ్చిన చిన్న వారపత్రిక. బీడీ కార్మికులు కూలి రేటు కోసం చేసిన సమ్మె ముచ్చట అండ్ల ఫోటోతోని సహా అచ్చయింది. ఆ సమ్మెల మా అమ్మ కూడా కూసున్నది. నేను ఇంటర్ తప్పి ఖాళీగ తిరిగే రోజులల్ల ఒక టౌన్ లైబ్రరీల ఆ పత్రిక బైండు చదివిన. ఫోటోల అమ్మను గుర్తుపట్టి ఇంటికొచ్చి చెప్తే, "నన్నెవడు తీసిండురా ఫోటో" అని నవ్వింది. అమ్మ పోయి రెండేండ్లయితుంది. ఆమె వయసుల ఉన్నప్పటి ఫోటో మా ఇంట్ల ఒక్కటి లేదు. గందుకే మళ్ల పోయిన.

ఆ లైబ్రరీల ఉన్నాయన మంచోడే. కుర్చీ ఏసి చాయ్ తాపిండు. "రూము కురుస్తుండె అన్నా. కొత్తవి పెట్ట జాగ లేదు. పాత బైండ్లన్నీ కిలోల లెక్కన ఇచ్చేసినం. జిల్లాల ఉంటయి గదా అనుకున్నం" అన్నడు. జిల్లాకు పోయిన. "అవి మేమెందుకు పెడ్తం, హైదరాబాద్‌ల ఉంటయి" అన్నరు. హైదరాబాద్‌ల ఒక పెద్ద లైబ్రరీకి పోతే, "లోకల్ పత్రికలు మీ దిక్కే ఉంటయి గదా, అక్కడ అడగలేదా?" అన్నరు. ముగ్గురిల ఎవ్వరు అబద్ధం చెప్పలే. ముగ్గురు పక్కోని మీద నమ్మకం పెట్టుకున్నరు. ఆ నమ్మకం మీదనే పత్రిక కాటా ఎక్కింది.

పదిమందిల పాము చావదంటరు. ప్రతోడు "పక్కోడు కొడ్తడులే" అనుకుంటడు. పుస్తకం కత దీనికి ఉల్టా. పదిమందిల పుస్తకం బతకది. ప్రతోడు "పక్కోడు దాస్తడులే" అనుకుంటడు. అన్ని దిక్కుల దొరికే పత్రిక, అందరి ఇండ్లల్ల ఉండే పాఠం పుస్తకం, ఊరూర పంచిన కరపత్రం, గివే ముందుగాల మాయమైతయి. తాటాకు గ్రంథాన్ని పట్టుబట్టల చుట్టి దాస్తం. నిన్నటి పేపర్ల మిర్చి బజ్జీలు కట్టుకుంటం.

మరి దీనికి మందు ఉన్నదా? ఉన్నది. మందు కొత్త బిల్డింగ్ కాదు, కంప్యూటర్ కాదు. "ఇది నేను దాస్త, నువ్వు అడిగితే ఇస్త" అని ఒక లైబ్రరీ ఇంకో లైబ్రరీకి రాసిచ్చే మాట. ఈ పనిని డెబ్బై ఎనభై ఏండ్ల సంది తప్పులు చేసుకుంట, సర్దుకుంట నేర్చుకున్నది అమెరికా, బ్రిటన్ రీసెర్చ్ లైబ్రరీలు. వాళ్లు ఎట్ల చేసిన్రో చెప్త. అక్కడి ముచ్చట మనకెందుకు అంటరా? అండ్ల మన తెలుగు పుస్తకాలు కూడా ఉన్నయి. అవి అక్కడికి ఎట్ల పోయినయో తెలిస్తే నోరెళ్లబెడ్తరు.

జాగ లేదు, పైసల్లేవు

రీసెర్చ్ లైబ్రరీ అంటే పోటీ పరీక్షలకు చదువుకునే రీడింగ్ రూము లాంటిది కాదు. యాభై ఏండ్లల్ల ఒక్కడు కూడా అడగని పుస్తకాన్ని సుత యాభై ఒకటో ఏడు ఎవరో ఒకరు అడుగుతరని పెట్టుకునే జాగ. దాని పనే అది. గాని పుస్తకాలు ప్రతి ఏడు వస్తనే ఉంటయి, గోడలు మాత్రం జరగవు. పది యూనివర్సిటీలుంటే పదింట్ల ఎవ్వరు ముట్టని అవే పాత జర్నళ్లు, అవే విదేశీ పత్రికలు దుమ్ము పట్టుకుంట ఉంటయి. పదింట్ల జాగ దండుగ. ఇంకో దిక్కు, పదిట్ల ఒక్కరు సుత కొనని పుస్తకాలు వేలకు వేలు ఉంటయి. ఉన్నది పదిసార్లు ఉంది, లేనిది అసలే లేదు.

ఈ సంగతి అమెరికా లైబ్రరీలకు రెండో ప్రపంచ యుద్ధం నడుమ గట్టిగ తెలిసొచ్చింది. యూరప్ నుంచి పుస్తకాలు రావుడు ఆగింది. 1942ల కనెక్టికట్ రాష్ట్రంల ఫార్మింగ్టన్ అనే ఊర్ల కొందరు కూసోని ఒక ఆలోచన చేసిన్రు. పరిశోధనకు పనికొచ్చే విదేశీ పుస్తకం ఏదైనా సరే, కనీసం ఒక్క కాపీ అమెరికాల ఏదో ఒక లైబ్రరీల ఉండాలె. ఎవరు ఏ సబ్జెక్టు కొనాలె, ఏ దేశం పుస్తకాలు ఎవరి జిమ్మా అనేది పంచుకోవాలె. దీనికి ఫార్మింగ్టన్ ప్లాన్ అని పేరు పడ్డది. 1948ల మొదలై 1972 దాకా నడిచింది. ఊర్ల పెండ్లయితే ఒక ఇల్లు వంటపాత్రలు, ఒక ఇల్లు చాపలు, ఒక ఇల్లు బండి ఇచ్చినట్టు. అందరు అన్నీ కొనుక్కోవాల్సిన పని లేదు. ఎవరి దగ్గర ఏముందో తెలిస్తే చాలు.

1949ల ఇంకో అడుగు పడ్డది. పది యూనివర్సిటీలు కలిసి షికాగోల మిడ్‌వెస్ట్ ఇంటర్ లైబ్రరీ సెంటర్ అని పెట్టుకున్నయి. తక్కువ మంది చదివేవి, పారేస్తే మళ్ల దొరకనివి అక్కడ ఒక్క దగ్గర పెట్టుడు, ఎవరికి కావాల్నంటే వాళ్లకు పంపుడు, ఇదీ దాని పని. తర్వాత దాని పేరే సెంటర్ ఫర్ రీసెర్చ్ లైబ్రరీస్ అయింది. విదేశీ వార్తాపత్రికలు, విదేశీ యూనివర్సిటీల థీసిస్‌లు అక్కడ పోగైనయి. 1967ల అక్కడికే అనుబంధంగ దక్షిణాసియా కోసం ఒక పథకం మొదలైంది. లైబ్రరీలన్నీ తలా కొన్ని పైసలేసుకోని, మన ఉపఖండంల పాత పత్రికలను, పుస్తకాలను మైక్రోఫిల్మ్ చేయించుకునుడు. ఒక్క లైబ్రరీ ఎత్తలేని బరువు పది లైబ్రరీలు భుజం పెడితే లేచింది.

గోధుమలు ఇటు, పుస్తకాలు అటు

ఇగ మన ముచ్చట. పి.ఎల్. 480 అనే మాట మీ తాతల నోట వినే ఉంటరు. 1954ల అమెరికా చేసిన చట్టం అది. కరువు రోజులల్ల అమెరికా మనకు గోధుమలు పంపింది. మన దగ్గర డాలర్లు లేవు, రూపాయిలల్ల కట్టినం. ఆ రూపాయిలు అమెరికా ఖాతాల ఇక్కడనే కుప్పలు పడ్డయి. వాటిని ఏం చెయ్యాలె? 1958ల ఆ చట్టానికి ఒక సవరణ చేసిన్రు. అండ్లకెళ్లి కొంత సొమ్ముతోని ఆయా దేశాల పుస్తకాలు కొనొచ్చని. 1962 నుంచి అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీల ఆఫీసు పెట్టి, మన భాషలల్ల అచ్చయ్యే పుస్తకాలు, పత్రికలు కొనుడు మొదలుపెట్టింది. హిందీ, తమిళం, ఉర్దూతోపాటు తెలుగు కూడా. కొన్నవి కొన్నట్టు ఎంచుకున్న అమెరికా యూనివర్సిటీ లైబ్రరీలకు పంచి పంపింది.

చూసిన్రా ఎంత చిత్రమో? మన తాతలు రేషన్ల తిన్న గోధుమ రొట్టెకు కట్టిన రూపాయిలే తెలుగు నవలలై, కవితా సంపుటాలై, పత్రికలై ఓడలెక్కి పోయినయి. ఆ రూపాయిలు ఒడిసినంక ఆ లైబ్రరీలు సొంత పైసలు కట్టి అదే పద్ధతిల కలిసి కొనుడు నడిపించినయి. ఇయ్యాల ఒక తెలుగు పుస్తకం మీద పరిశోధన చేసేటోడు మన జిల్లాలల్ల దొరకక షికాగో క్యాటలాగ్‌ల ఎతుక్కునుడు ఉన్నదంటే, దాని ఎనుక ఈ కత ఉన్నది.

దీని మీద నాకు కోపం ఉన్నది, కృతజ్ఞత ఉన్నది. రెండూ నిజమే. మనం కాటాకేసిన దాన్ని వాళ్లు దాసిన్రు. గాని దాసింది వాళ్ల విద్యార్థుల కోసం, వాళ్ల అవసరం కోసం. కోరుట్ల పిల్లకో, అచ్చంపేట పిల్లగానికో అది చూడాల్నంటే వీసా కావాలె. వాళ్ల మంచితనం ఎంత, మన నిర్లక్ష్యం ఎంత అని లెక్కలు ఏసుకునుడు కన్న, వాళ్లు పని ఎట్ల చేసిన్రో నేర్చుకునుడు నయం.

పుస్తకానికి సైజు చూస్తరు, సబ్జెక్టు కాదు

1980లల్ల మళ్ల జాగ ఒడిసింది. ఊరు నడుమ లైబ్రరీ బిల్డింగ్ పెంచుడు అంటే కోట్లు కావాలె. 1986ల హార్వర్డ్ యూనివర్సిటీ ఊరవతల ఒక గోదాము కట్టింది. మన వరి గోదాము లెక్క కాదు. లోపట ఎప్పుడూ చల్లగ, తేమ తక్కువగ ఉంటది. ఎందుకంటే పంతొమ్మిదో శతాబ్దం సగం దాటినంక కాగితం చెక్క గుజ్జుతోని చేసుడు పెరిగింది. ఆ కాగితంల ఆమ్లం ఉంటది. వేడికి, తేమకు అది తనను తానే తినుకుంట పచ్చగైతది, అప్పడం లెక్క ఇరుగుతది. చల్లగ ఉంటే ఆ తినుడు నెమ్మదైతది. కాగితానికి ఏసీ పెట్టుడు షోకు కాదు, మందు.

ఆ గోదాంల పుస్తకాలను సబ్జెక్టు ప్రకారం పెట్టరు. ఎత్తు, అడ్డం కొలిచి, ఒక్క సైజువి ఒక్క అట్టపెట్టెల పెడ్తరు. పుస్తకానికి ఒక బార్‌కోడు, పెట్టెకు ఒకటి, అరకు ఒకటి. అరలు ఇండ్ల కప్పు కన్న మస్తు ఎత్తు ఉంటయి, లిఫ్టు బండి ఎక్కి తియ్యాలె. గణితం పుస్తకం పక్కన కతల పుస్తకం ఉంటది, కంప్యూటర్‌కు మాత్రం ఏది ఎక్కడుందో ఎరుకే. అదే జాగల మామూలు లైబ్రరీల కన్న ఎన్నో రెట్లు పుస్తకాలు పడ్తయి.

ఈ నమూనానే కొలంబియా, ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలు, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ కలిసి పట్టుకున్నయి. ముగ్గురికి ఒక్కటే గోదాము. న్యూజెర్సీ రాష్ట్రంల ప్రిన్స్‌టన్ దగ్గర 2002ల తెరిసిన్రు. రీకాప్ అంటరు. 2019ల హార్వర్డ్ కూడా వచ్చి కలిసింది. ఇయ్యాల అండ్ల కోటిన్నరకు పైగ పుస్తకాలు, పత్రికలు, ఇతర వస్తువులు ఉన్నయి. మొదట ఎవరి పుస్తకం వాళ్లదే, గోదాము మాత్రమే ఉమ్మడి. పోను పోను "ఒక్క దగ్గరనే ఉన్నయి గదా, నా దగ్గర ఉన్నది నువ్వు మళ్ల ఎందుకు పెట్టుకోవాలె, నాదే నీది అనుకో" అనే కాడికి వచ్చిన్రు. ఉమ్మడి గోదాము ఉమ్మడి గ్రంథాలయం అయింది. అన్నదమ్ముల భూమి పంచుకునుడే చూసినం మనం. వీళ్లు కలుపుకున్నరు.

ఎన్ని కాపీలు? ఎవరి దగ్గర? ఎన్నేండ్లు?

అసలు పని ఇక్కడ ఉన్నది. గోదాము కట్టుడు అల్కటి పని. మాట కట్టుడు కష్టం.

బ్రిటన్‌ల 2007ల యూకే రీసెర్చ్ రిజర్వ్ అని మొదలుపెట్టిన్రు. బ్రిటిష్ లైబ్రరీ, ఇంపీరియల్ కాలేజ్ లండన్ ముందుండి నడిపినయి. ముచ్చట పాత జర్నళ్ల గురించి. ఒక యూనివర్సిటీ "ఈ జర్నల్ సంపుటాలు తీసేద్దామనుకుంటున్న" అని ముందుగాల చెప్పాలె. చెప్పినంక చూస్తరు. బ్రిటిష్ లైబ్రరీల ఒకటి ఉన్నదా? వేరే రెండు లైబ్రరీలల్ల ఉన్నదా? మొత్తం మూడు కాపీలు పక్కా అయితేనే తీసెయ్యాలె. లేకపోతే "నీదే మూడో కాపీ, తియ్యకు, నువ్వే దాయాలె" అంటరు. ఆ లైబ్రరీ దాస్తనని ఒప్పుకోవాలె. గిట్ల చేసి సుమారు 100 కిలోమీటర్ల పొడవు అరలు ఖాళీ చేసిన్రు, ఒక్క పేరు కూడా దేశంల కెళ్లి మాయం కాకుంట. హైదరాబాద్ నుంచి సిద్దిపేట దాకా పుస్తకాలు వరుసగ నిలబెట్టినట్టు అనుకోండ్రి.

మా టౌన్ లైబ్రరీ చేసింది కూడా ఖాళీ చేసుడే. ఫరకు ఒక్కటే. వాళ్లు అమ్మకముందు అడిగిన్రు. మనోళ్లు అమ్మినంక అనుకున్నరు.

అమెరికాల హాతీట్రస్ట్ అని ఉన్నది. 2008ల మొదలైంది. పేరు మన హాతీ నుంచే తీసుకున్నరు. ఏనుగు ఏదీ మర్చిపోదు గదా, గందుకు. యూనివర్సిటీ లైబ్రరీలు స్కాన్ చేసిన కోటిన్నరకు పైగ పుస్తకాల డిజిటల్ కాపీలు దాని దగ్గర ఉన్నయి. స్కాన్లు ఉన్నయి గదా, కాగితం ఎందుకని వాళ్లు ఊకోలే. 2017ల ఇంకో పని మొదలుపెట్టిన్రు. స్కాన్ ఉన్న పుస్తకానికి అచ్చు కాపీ కూడా ఎక్కడో ఒకదగ్గర ఖాయంగ ఉండాలని. లైబ్రరీలు ముందుకొచ్చి "ఈ లక్షల పుస్తకాలు 25 ఏండ్లు నేను దాస్త, అమ్మ, పారెయ్య, అడిగితే ఇస్త" అని రాతపూర్వకంగ ఒప్పుకున్నయి.

ఆ మాట ఎక్కడ రాస్తరు? క్యాటలాగ్‌ల. ప్రతి పుస్తకం రికార్డుల ఇది ఫలానా పథకం కింద ఫలానా ఏడు దాకా దాయాల్సిన పుస్తకం అని గుర్తు పెడ్తరు. లైబ్రేరియన్ మారుతడు, వైస్ ఛాన్సలర్ మారుతడు. పదేండ్ల తర్వాత కొత్తగ వచ్చినోడు అర ఖాళీ చెయ్యబోతే ఆ రాత అడ్డం పడ్తది. ఆ రికార్డులు ఒక్క లైబ్రరీ కంప్యూటర్ల ఉంటే సరిపోదు, అందరికి కనబడాలె. 1971ల ఒహాయో రాష్ట్రంల కాలేజీలు కలిసి మొదలుపెట్టిన ఉమ్మడి క్యాటలాగే పెరిగి పెరిగి వరల్డ్‌క్యాట్ అయింది. ఏ పుస్తకం ప్రపంచంల ఏ లైబ్రరీల ఉన్నదో ఫోన్ల చూడొచ్చు. ఎవరి దగ్గర ఏమున్నదో తెల్వకుంట "నువ్వు దాయి, నేను దాస్త" అనుకునుడు గుడ్డెద్దు చేన్ల పడ్డట్టే.

ఇంకో మాట. ఉన్నదని రాసుకుంటే ఉన్నట్టు కాదు. క్యాటలాగ్‌ల ఉంటది, అరల ఉండదు. అరల ఉంటది, నడిమి పేజీలు ఉండవు. గందుకే కొన్ని పథకాలల్ల పుస్తకం చేతిల పట్టుకోని చూస్తరు. జర్నళ్లయితే ఏ సంచిక లేదో, ఏ పేజీ చిరిగిందో రాసుకుంటరు. ఒక లైబ్రరీల తక్కువ పడ్డది ఇంకో లైబ్రరీ నుంచి తెచ్చి నింపుతరు. మూడు సగం కాపీలకెళ్లి ఒక్క నిండు కాపీ తయారైతది.

ఫోటో కొట్టుకుంటే సరిపోదా అన్నా?

ఇది మీరు అడుగుతరని ఎరుకే. చేతుల ఫోన్ ఉన్నది, స్కానర్ యాప్ ఉన్నది, పీడీఎఫ్ చేసి గ్రూప్‌ల పడేస్తే అయిపాయె గదా?

అమెరికాల ఒక తరం గిట్లనే అనుకున్నది. అప్పుడు పీడీఎఫ్ లేదు, మైక్రోఫిల్మ్ ఉండె. వార్తాపత్రికలను ఫిల్మ్ మీదికి ఎక్కిచ్చి, అసలు బైండ్లను చాలా లైబ్రరీలు వదిలించుకున్నయి. ఆ ఫిల్ములల్ల కొన్ని మసక, కొన్నిట్ల పేజీలు లేవు, రంగు బొమ్మలన్నీ నల్లగ వచ్చినయి. 1999ల బ్రిటిష్ లైబ్రరీ తన దగ్గర ఉన్న పాత అమెరికన్ పత్రికల బైండ్లను అమ్మకానికి పెడితే, నికల్సన్ బేకర్ అనే అమెరికన్ రచయిత తన సొంత సొమ్ము కూడా పెట్టి వేల సంపుటాలు కాపాడిండు. 2001ల డబుల్ ఫోల్డ్ అని పుస్తకం రాసి లైబ్రరీలను నిలదీసిండు. కాగితం మూల అటు ఇటు మడిచి ఇరిగితే "ఇది చచ్చింది" అని తేల్చే పరీక్ష పేరే అది. మడవకుంట చదివితే ఆ పుస్తకం ఇంక ఎన్నో ఏండ్లు బతుకుతది గదా అని ఆయన వాదన. 2004ల ఆ పత్రికలు డ్యూక్ యూనివర్సిటీకి చేరినయి. లైబ్రరీలోళ్లకు ఆయన మీద కోపం వచ్చింది, ఆయన చెప్పిన దాంట్ల అన్నీ ఒప్పుకోలే. గాని ఆ ముచ్చట తర్వాత "ఆఖరి అచ్చు కాపీ ఎవరి దగ్గర?" అనే ప్రశ్నను తప్పించుకునుడు కష్టమైంది.

మన దగ్గర కూడా చూసినం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద వేలకు వేలు తెలుగు పుస్తకాలు స్కాన్ చేసిన్రు. మంచి పని. గాని కొన్నిట్ల అంచులు తెగినయి, కొన్నిట్ల పేజీలు ఎగిరిపోయినయి. తర్వాత ఆ సైటే నిలిచిపోయింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లకు ముందుగాలే కాపీ చేసినోళ్లు ఉండబట్టి ఆ పుస్తకాలు ఇయ్యాల మనకు దొరుకుతున్నయి. ఇక్కడ కూడా అదే సూత్రం. ఒక్క సైటు, ఒక్క హార్డ్ డిస్కు, ఒక్క బీరువా దేన్నీ నమ్మొద్దు. స్కాన్ చదువుకునేటందుకు. అచ్చు కాపీ, స్కాన్ తప్పయితే మళ్ల చూసుకునేటందుకు. ఒకటి ఉన్నదని రెండోది పారేసుడు, జిరాక్స్ ఉన్నదని పట్టా పాస్‌బుక్కు చింపుకునుడే.

పుస్తకం ఉన్న ఊర్లనే ఉండాలె

పుస్తకాలన్నీ పెద్దోళ్ల గోదాంలకు పోవుడే తొవ్వనా? కాదు. రెండు ఉదాహరణలు మన దగ్గరనే ఉన్నయి.

తమిళనాడుల కోట్టైయూర్ అనే ఊర్ల రోజా ముత్తయ్య అని సైన్‌బోర్డులు రాసే కళాకారుడు ఉండె. బతికినన్ని రోజులు తమిళ పుస్తకాలు, పత్రికలు, నోటీసులు, సినిమా పాటల పుస్తకాలు కూడబెట్టిండు. 1992ల ఆయన చనిపోయినంక షికాగో యూనివర్సిటీ ఆ సంపద కొన్నది. అయితే ఓడ ఎక్కియ్యలే. 1994ల చెన్నైల రోజా ముత్తయ్య రీసెర్చ్ లైబ్రరీ పెట్టి అక్కడనే ఉంచింది. మైక్రోఫిల్ములు చేసిన్రు. పుస్తకం తమిళ నేల మీద, దాని నకలు బయట.

హైదరాబాద్‌ల అబ్దుస్ సమద్ ఖాన్ గట్లనే ఉర్దూ పుస్తకాలు, పత్రికలు కూడబెట్టిండు. షికాగో ముందుండి అమెరికా యూనివర్సిటీ లైబ్రరీలు కొన్ని కలిసి ఆ సేకరణ కొన్నయి. అది కూడా హైదరాబాద్ దాటలే. బాగ్‌లింగంపల్లిల సుందరయ్య విజ్ఞాన కేంద్రంల పెట్టిన్రు. 2000 ఆగస్టుల హైదరాబాద్‌ను వరద ముంచినప్పుడు ఆ కేంద్రంలకు కూడా నీళ్లొచ్చి పుస్తకాలు తడిసినయి. పెద్ద నష్టం. సంపద ఇక్కడ ఉండుడు మన హక్కు, గాని ఒక్క దగ్గరనే ఉండుడు ప్రమాదం. శ్రీలంకల 1981ల జాఫ్నా లైబ్రరీని కాలబెట్టినప్పుడు సుమారు 97 వేల పుస్తకాలు, రాతప్రతులు బూడిదైనయి. వేరే కాపీ ఉన్నయి మళ్ల వచ్చినయి. లేనియి పోయినయి, అంతే. నీళ్లకు, నిప్పుకు, అధికారానికి ఒక్క దగ్గర ఉన్నదాన్ని మింగుడు అల్కగ ఉంటది. మూడు దిక్కుల ఉన్నదాన్ని మింగుడు కష్టం.

మనం ఏం చెయ్యాలె

మనకు కోట్ల గోదాములు లేవు. అయినా చేతులు ముడుసుకోని కూసునే కాలం కాదు. ఇంటి పన్నుతోని పాటు మనం లైబ్రరీ సెస్సు కడ్తున్నం. రూపాయికి 8 పైసలు. 1960 నాటి గ్రంథాలయ చట్టం నుంచి వస్తున్న లెక్క అది. మీ పంచాయతీ ఇంటిపన్ను రసీదు తీసి చూడండ్రి. మన పైసలు కట్టి నడుపుకునే లైబ్రరీల ఏమున్నదో, ఏం పారేస్తున్నరో అడిగే హక్కు మనకున్నది. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలే. నేను అడిగేటివి మూడే.

ఒకటి, పాతవి తీసేసే ముందు లిస్టు బయట పెట్టాలె. నెల రోజులు టైం ఇయ్యాలె. ఆ లిస్టు వేరే జిల్లా లైబ్రరీలకు, యూనివర్సిటీలకు పోవాలె. "మా దగ్గర లేదు" అని ఒక్కరన్నా అంటే కాటా ఎక్కియ్యొద్దు.

రెండు, జిల్లాకొక జిమ్మేదారి. ఏ జిల్లాల పుట్టిన పత్రికలు ఆ జిల్లా లైబ్రరీ దాయాలె, ఇంకో కాపీ వేరే జిల్లాల, మూడోది హైదరాబాద్‌ల. ఎవరి దగ్గర ఏమున్నదో ఒక్క లిస్టుల అందరికి కనబడాలె.

మూడు, ఇండ్లల్ల ఉన్నవి లెక్కకు రావాలె. రిటైరైన సార్ల ఇండ్లల్ల, సంఘాల ఆఫీసులల్ల, అటకల మీద ట్రంకు పెట్టెలల్ల ఉన్నవి ఏ క్యాటలాగ్‌ల లేవు. ఈ పని మీదే తమ్ముళ్లు, చెల్లెండ్లు. పుస్తకాలు గుంజుకరావొద్దు. పోయి కూసోని, చాయ్ తాగి, పేరు, ఏడు, సంచిక, ఏ పేజీలు లేవు, ఎవరింట్ల ఉన్నయి అని రాసుకోండ్రి. ఫోన్‌తోని ఫోటోలు తియ్యండ్రి. తీసినంక ఆ పెద్దమనిషితోని ఒక్క మాట తీసుకోండ్రి, "అమ్మేముందు మాకొక్క ఫోన్ చెయ్యి" అని.

నాకు ఆ పత్రిక ఆఖరికి గట్లనే దొరికింది. బీడీ సంఘంల పనిచేసిన ఒక పెద్దాయన ఇంట్ల, ఇనుప పెట్టెల, ఆరు నెలల సంచికలు. నడుమ నాలుగు లేవు. సమ్మె సంచిక ఉన్నది. ఫోన్‌తోని ఫోటో తీస్తే అచ్చు సిరా అంతా ఒక్కటై మొహాలు నల్లగ వచ్చినయి. కాగితాన్ని కిటికీ దిక్కు కొంచెం ఏటవాలుగ పట్టుకుంటే రెండో వరుసల అమ్మ కనబడ్డది. కొంగు తల మీదికి ఏసుకోని, కెమెరాను చూడకుంట, పక్కామెతోని ఏదో మాట్లాడుతుంది.

ఆ పెట్టె నేను తెచ్చుకోలే. పెద్దాయన ఇయ్యబోయిండు, వద్దన్న. నోట్‌బుక్కుల ఒక కాయితం మీద ఏమేం ఉన్నయో రాసినం. కింద ఆయన సంతకం పెట్టిండు, నేను పెట్టిన, ఆయన మనుమరాలు పెట్టింది. ఇంటర్ చదువుతుంది. "నువ్వెందుకు పెడ్తున్నవ్ బిడ్డా" అంటే, "తాత తర్వాత ఈ పెట్టె నా జిమ్మా గదా" అన్నది.

ఇగ ఆ నాలుగు సంచికలు. మీ అటక మీద గిట్ల ఉన్నయేమో, జర చూడండ్రి.